రాయి కట్టని తోలు పట్టీలు

క్రోధన సంవత్సరం, భాద్రపద మాసం, రెండో గురువారం, పొద్దున్న ఆరుగంటల పది నిమిషాలకు అనకాపల్లి స్టేషనులో రైలెక్కాను. గడియారం చూడడం నాకు అక్షరాల కన్నా ముందే వచ్చు. అక్షరాలు అరవై దాటాక వచ్చాయి. అందుకే ఈ సంగతి ఇన్నాళ్ళకు రాస్తున్నాను. అరకు వెళ్ళదలచిన వాళ్ళకు దారి తెలుస్తుంది. మోటారు సైకిలు మీద సామాను కట్టుకునే వాళ్ళకు ఏ పట్టీ వాడాలో, ఎప్పుడు వాడకూడదో తెలుస్తుంది. ఆ రెండోది నేను తెలుసుకున్న తీరు మంచిది కాదు.

నాది జట్కా గుర్రాలకు జీనులు, పగ్గాలు కుట్టే పని. మా నాన్నదీ అదే పని. మంగళవారం మధ్యాహ్నం అల్లుడు అప్పన్న దగ్గర నుంచి కార్డు వచ్చింది. అప్పన్న అరకులో రోడ్డుపని మేస్త్రీ. కార్డు పక్క కొట్టు దర్జీ చదివి పెట్టాడు. పైడమ్మకు కొండజ్వరం పట్టుకుందట. శుక్రవారం నాడు శృంగవరపుకోట నుంచి డాక్టరు గారు మోటారు సైకిలు మీద మందులు తెస్తారట. కిందటిసారి మందుపెట్టె కట్టిన కొబ్బరితాడు రాపిడికి తెగిందట. "మంచి పట్టీలు మా మావ చేస్తాడని డాక్టరు గారితో చెప్పాను. చేసి పట్టుకొని నువ్వూ రా" అని రాశాడు. పైడమ్మ నా ఒక్కగానొక్క కూతురు. దర్జీ కార్డు తిరిగి ఇచ్చేలోగానే నేను తోలు పరిచాను.

మా పనివాళ్ళకు ఒక కట్టడి ఉంది. కొత్త పట్టీ కోశాక దాన్ని తడిపి, కింద బండరాయి కట్టి, దూలానికి ఎనిమిది రోజులు వేలాడదీస్తాం. సాగవలసిందంతా అక్కడే సాగాలి. ఆ తరువాతే ఆరెతో కన్నాలు పొడవాలి, బకిలు కుట్టాలి. రాయి వేలాడని పట్టీని మా నాన్న గుర్రం ఒంటి మీద వెయ్యనిచ్చేవాడు కాదు. నాకు ఉన్నది ఒకటిన్నర రోజు. ఇది గుర్రం లాగే బరువు కాదు, ఊరికే కూర్చునే పెట్టే కదా అనుకున్నాను. తంగేడు చెక్కతో ఊరిన మంచి దున్నపోతు తోలు. రెండు వేళ్ళ వెడల్పున రెండు పట్టీలు కోసి, ఇత్తడి బకిళ్ళు కుట్టి, ఆముదం పట్టించాను. చూడడానికి బాగున్నాయి. రాయి మాత్రం కట్టలేదు.

రైల్లో ఆ పట్టీలు భుజాన వేసుకుని కూర్చున్నాను. ఎదురుగా బెల్లం బుట్టతో ఒకడు కూర్చున్నాడు.

"ఏటి తాతా, ఏనుగుని కట్టడానికెల్తన్నావేటి?"

"మోటారు సైకిలుకిరా."

"ఓలమ్మో! దానికీ కల్లెం ఏత్తారా? గడ్డి కూడా ఏత్తారేటి?"

పెట్టెలో అందరూ నవ్వారు. ఎక్కడికని అడిగితే అరకు అని చెప్పాను. నవ్వు ఆగింది. కిటికీ దగ్గర కూర్చున్న ముసలమ్మ, "ఈ మాసంలోనా? ఈ మాసంలో కొండ నడిసెక్కినోడిని మోసుకొని దించుతారు నాయినా" అంది. ఆవిడ మాట తీసెయ్యకండి. వెళ్ళేవాళ్ళు వానలు వెనకబట్టి, చలి ముదిరాక వెళ్ళండి. నాకు ఆ వీలు లేకపోయింది.

వాల్తేరులో బండి మారాలి. రెండో బండికి రెండు గంటలు ఆగాను. స్టేషను బయట హోటలుంది. మావాళ్ళను లోపల కూర్చోనివ్వరు. దొన్నెలో పోసి బయటికిస్తారు. నేను మూటలోని చద్దన్నం తిన్నాను. ఉత్తరం వైపు వెళ్ళే బండిలో కొత్తవలసకు పది దాటాక చేరాను. అక్కడి నుంచి శృంగవరపుకోటకు మోటారు బస్సు. నిండితే కాని కదలదు. పన్నెండుకు నిండింది. నేను ముందు బల్ల మీద కూర్చోబోతే పక్కనున్న పెద్దమనిషి ముక్కు మూసుకుని, "తోలు కంపు. ఎనక్కెల్లు, ఎనక్కెల్లు" అన్నాడు. వెనక్కి వెళ్ళాను. వెనక బల్ల మీద కుదుపు ఎక్కువ, నడుం పట్టుకుంటుంది. రెండున్నరకు శృంగవరపుకోటలో దిగాను.

డాక్టరు సుందరరావు గారి వసతి ఆసుపత్రి వెనకాలే. ముప్పై అయిదేళ్ళ మనిషి. పెద్ద కులం ఆయనైనా నన్ను వరండా ఎక్కమన్నారు. మోటారు సైకిలు వరండా ముందే ఉంది. దాని పక్కన ఒక తొట్టి తగిలించి ఉంది, కింద ఒక చక్రంతో. మనిషి కూర్చోవడానికట. ఆ తొట్టిలో అప్పటికే రెండు పెట్రోలు డబ్బాలు, దుప్పట్ల కట్టలు, మాత్రల రేకుడబ్బాలు సర్ది ఉన్నాయి. ఇంకొక మనిషి ముడుచుకొని కూర్చుంటే నిండిపోతుంది. మందుపెట్టె చిన్న ట్రంకుపెట్టె అంత ఉంది. అది నడిపేవాడి వెనక ఇనప చట్రం మీద కట్టాలి. ఆ పెట్టె దగ్గర కొబ్బరితాడు ముక్కలు, ఎవరి మంచానికో విప్పిన నవారు పడేసి ఉన్నాయి.

"ముత్యాలూ, నాకు సూదులు తెలుసు, పట్టీలు తెలియవు. ఏది మంచిదో నువ్వు చెప్పు" అన్నారు డాక్టరు గారు.

నవారు చూశాను. మెత్తన, ముడి నిలుస్తుంది కాని చట్రం అంచుకు కోసుకుపోతుంది. కొబ్బరితాడు సంగతి వాళ్ళకే తెలిసింది. నేను భుజం మీది పట్టీలు తీసి చట్రానికి వేసి బకిలు బిగించాను. పెట్టెను పట్టుకుని ఊపితే మోటారు సైకిలే ఊగింది కాని పెట్టె కదల్లేదు. డాక్టరు గారి ముఖం వికసించింది. నా ముఖం కూడా వికసించే ఉంటుంది.

అప్పుడు వరండా చివర గొంతుక్కూర్చున్న ఒక మనిషి లేచాడు. అంతసేపూ నేను అతన్ని చూడలేదు. కొండమనిషి, నలభై ఏళ్ళుంటాయి, మోకాళ్ళ దాకా బురద. పేరు బుద్రు. కొండ మీద పుట్టిన వారాన్ని బట్టి పేరు పెడతారు, బుధవారం పుట్టాడన్నమాట. అప్పన్న పంపితే పొద్దున్నే బయలుదేరి అడ్డదారిన నడిచి వచ్చాడు. వచ్చిన కబురు డాక్టరు గారు నాకు చెప్పారు. పైడమ్మా, ఈ బుద్రు భార్య సుక్రీ ఇద్దరూ ఒకే పాకలో పడి ఉన్నారు. సుక్రి అప్పన్న చేతికింద రాళ్ళు మోసే మనిషి. ఇద్దరికీ నిన్నటి నుంచి తెలివి లేదు. మాత్ర వేస్తే మింగడం లేదు.

"మింగలేని వాళ్ళకు సూది తప్ప దారి లేదు" అన్నారు డాక్టరు గారు. పెట్టె మూత తీసి చూపించారు. దూది మధ్య వేలెడేసి గాజు గొట్టాలు పన్నెండు ఉన్నాయి. క్వినైను సూదిమందు. "మనిషికి నాలుగు పడాలి. రెండు రోజుల్లో పడాలి. తగ్గితే వేసినా వెయ్యనట్టే. నా దగ్గరున్నవి ఇవే."

బుద్రు తన నడుముకు చుట్టుకున్న తాడు విప్పాడు. అడ్డాకుల తీగ ఉంటుంది కదా, విస్తళ్ళు కుట్టే ఆకు, ఆ తీగ నారతో పేనింది. బొటనవేలి లావు, నల్లగా, కమురు వాసన. అతను దాన్ని డాక్టరు గారి ముందు పెట్టి, "ఇది కట్టు బాబు" అన్నాడు. కొండవాళ్ళు కలెక్టరునైనా నువ్వనే అంటారు. "తడిత్తే ఇది బిగుసుకుంతాది. తోలు తడిత్తే సాగుతాది. పైన వాన."

"కట్టెల మోపు కాదురా, మందుపెట్టి" అన్నాను. "తోలుండగా నారెందుకు? ఆ కంపు తాడు అవతలకి తియ్."

వరండా కింద నిలబడిన వాళ్ళు నవ్వారు. బుద్రు నవ్వలేదు. "నానూ తోలు సూసాను తాతా. దుక్కిటెద్దుకి కడతాం గదా. వానలో ఇప్పేసి నారే కడతాం" అన్నాడు.

డాక్టరు గారు ఇద్దరి వైపూ చూశారు. "పనివాడివి నువ్వు, ముత్యాలూ. నీ మాటే నా మాట. తోలేనా?"

రాయి సంగతి అప్పుడు చెప్పవలసింది. "తోలే" అన్నాను.

బుద్రు తాడు మళ్ళీ నడుముకు చుట్టుకున్నాడు. మర్నాడు తెల్లవారుజామునే లేచి అడ్డదారిన కొండెక్కడం మొదలుపెట్టాడట. నేను లేచేటప్పటికి లేడు.

శుక్రవారం పొద్దున్న ఆరున్నరకు బయలుదేరాం. నేను పక్కతొట్టిలో, మోకాళ్ళు గెడ్డానికి ఆనించుకుని, ఒళ్ళో దుప్పట్ల కట్టతో. ఆ బండి చప్పుడుకి పక్కమనిషి మాట పక్కమనిషికి వినపడదు. బొడ్డవర దాకా చదును దారి, అక్కడి దాకా ఎండే. బొడ్డవర దాటాక ఘాటీ. రోడ్డు మీద కంకర కొంతమేర ఉంది, కొంతమేర లేదు. మలుపు మలుపుకూ ఒక వాగు రోడ్డు మీదుగా పోతుంది. ఎనిమిదింటికి వాన పట్టుకుంది. పెద్ద వాన కాదు. మంచులాగ సన్నగా, ఆగకుండా కురిసే వాన. అలాంటి వానే తోలులోకి దిగుతుంది. పెద్ద వాన జారిపోతుంది. ఈ సంగతి జీను పనివాడికి ఎవడూ చెప్పనక్కర్లేదు.

పదింటికి అనంతగిరి చేరాం. అక్కడ ముసాఫరు బంగళా ఉంది. కావలివాడు వేడి చోడి అంబలి, అదే రాగి అంబలి, ఇచ్చాడు. ముంతతో ఇచ్చాడు, తాగి కడిగి ఇమ్మన్నాడు. వెళ్ళేవాళ్ళు అక్కడ తప్పకుండా ఆగండి. ఆ పైన సుంకరమెట్ట దాకా తినడానికేమీ దొరకదు. డాక్టరు గారు బంగళాలో తల తుడుచుకుంటూ ఉంటే నేను పెట్టె చూడబోయాను. పట్టీ కింద నా అరచెయ్యి దూరింది.

రెండు పట్టీలూ రెండేసి కన్నాలు లోపలికి బిగించాను. దాంతో కన్నాలు అయిపోయాయి. ఆరె వెంట తేలేదు. కావలివాడు చూస్తూనే ఉన్నాడు.

"నార తాడుంది తాతా. ఇమ్మంటావా?"

"అక్కర్నేదు" అన్నాను.

డాక్టరు గారు వచ్చి, "ఎలా ఉంది?" అని అడిగారు.

"గట్టిగా ఉంది బావూ."

ఎందుకు అలా అన్నానో రాస్తాను, దాచను. తాడు తీసుకుంటే ఆ కొండమనిషి చెప్పిందే నిజమవుతుంది. యాభై ఏళ్ళ పని, నలుగురిలో తోలే అన్న మాట. అవి పోతాయనిపించింది. పైన నా కూతురు కళ్ళు తెరవకుండా పడి ఉందని తెలిసి కూడా ఆ నిమిషంలో నాకు అదే ముఖ్యమయింది.

అనంతగిరి దాటాక నేను ఒక చెయ్యి పెట్టె మీద వేసి ఉంచాను. డాక్టరు గారికి వీపు వెనక ఏం జరుగుతోందో తెలియదు. గంటసేపు అలా పట్టుకున్నాను. చెయ్యి మొద్దుబారింది. పట్టీలు ఇంకా సాగాయి. వేళ్ళకు తెలుస్తూనే ఉంది. సుంకరమెట్ట దాటాక దిగుడు వచ్చింది. పదకొండు నలభైకి, ఒక తూము దగ్గర, నీళ్ళ కింద గుంట కనపడక పక్కతొట్టి చక్రం దిగబడింది. తొట్టి ఒరిగింది. నేను రెండు చేతులతో తొట్టి అంచు పట్టుకున్నాను. రెండు చేతులతో.

పెట్టె పట్టీల కింద నుంచి పక్కకు జారి, తూము రాళ్ళ మీద పడింది.

బండి ఆపి ఇద్దరం దిగాం. మూత విడిపోయింది. దూది తడిసి, అందులో గాజు పెంకులు. డాక్టరు గారు వానలో మోకాళ్ళ మీద కూర్చుని ఒక్కొక్కటే ఏరారు. మూలనున్న నాలుగు మిగిలాయి. "నాలుగు" అన్నారు ఆయన. తిడితే బాగుండేది.

నేను పట్టీలు చూశాను. తోలు తెగలేదు. కుట్టు ఊడలేదు. బకిలు వంగలేదు. నా పనితనమంతా ఎలా ఉన్నది అలాగే ఉంది. సాగింది, అంతే. అప్పుడు చెప్పాను ఆయనతో, రాయి కట్టలేదని, అనంతగిరిలోనే సడలిందని. ఆయన నా వైపు చూడకుండా, "ఎక్కు" అన్నారు. ఆ నాలుగు గొట్టాలూ నా తలపాగాలో చుట్టి గుండెకు ఆనించుకుని కూర్చున్నాను.

అరకు ఒకటిన్నరకు చేరాం. లోయ పెద్దది, చుట్టూ కొండలు, మధ్య పచ్చగా సామ చేలు. చూడడానికి అందమే. శుక్రవారం సంత రోజు. పోయిన ఏడు నేను వచ్చినప్పుడు ఆ సంతలో కాలు పెట్టడానికి చోటు లేదు. ఇప్పుడు పసుపు కొమ్ములు పోసుకుని నలుగురు ఆడవాళ్ళు, ఉప్పు అమ్మేవాడొకడు. ఉప్పు వాడు, "జొరం తాతా. బేరం ఆడ్డానికి మనిసి లేడు" అన్నాడు.

రోడ్డుపని వాళ్ళ పాకలు సంతకు అవతల. బుద్రు అప్పటికే వచ్చి గుమ్మంలో కూర్చుని ఉన్నాడు. బండి చూసి లేచాడు. పెట్టె చూశాడు. మూత విరిగిన పెట్టెను, వదులుగా వేలాడుతున్న పట్టీలను చూశాడు. నన్ను చూశాడు.

పాకలో రెండు మంచాలు. కుడివైపు పైడమ్మ, ఎడమవైపు సుక్రి. సుక్రి దగ్గర బుద్రు తల్లి లచ్చి కూర్చుని ఆకుతో విసురుతోంది. పైడమ్మ పెదవులు పొక్కిపోయాయి. "ఒలే పైడీ" అని పిలిచాను. కనుగుడ్డు కదల్లేదు. సుక్రి పాతికేళ్ళ మనిషి, నుదుటి మీద పచ్చబొట్టు, చేతికి ఇత్తడి కడియాలు. ఆమె కనుగుడ్డు కూడా కదల్లేదు.

డాక్టరు గారు ఇద్దరినీ చూసి మా ముగ్గుర్నీ బయటికి పిలిచారు, నన్ను, అప్పన్నను, బుద్రును. వాన చూరు మీద నుంచి కారుతోంది.

"నాడి ఇద్దరికీ ఒకలాగే ఉంది. నా దగ్గర నాలుగు సూదులున్నాయి. చెరి రెండూ వేస్తే ఇద్దరూ దక్కరు. విశాఖపట్నం నుంచి తెప్పించాలంటే నాలుగు రోజులు."

అప్పన్న తల వంచుకున్నాడు. నేను వంచుకోలేదు.

"నా గుంటకి, పైడికెయ్యండి బావూ" అన్నాను.

బుద్రు డాక్టరు గారి వైపే చూస్తూ, "నాను నడిసొచ్చి పిలిసాను గదా బాబు" అన్నాడు. "పిలిసినోడు నాను గదా. తాడిత్తానని సెప్పింది నాను గదా."

ఆ మాటకు జవాబు చెప్పవలసింది నేనొక్కడినే. నేను చెప్పలేదు.

డాక్టరు గారు లోపలికి వెళ్ళారు. సూది పైడమ్మకు వేశారు. ఎందుకని ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. ఒకరు మేస్త్రీ పెళ్ళాం, ఒకరు రాళ్ళు మోసే మనిషి. ఎవరికి పడుతుందో ఆ చూరు కింద నిలబడ్డ అందరికీ ముందే తెలుసు. బుద్రుకు కూడా తెలుసు. తెలిసే అడిగాడు. అడగకుండా ఉండవలసిందని నేను నా గురించి రాయను. మళ్ళీ ఆ చూరు కింద నిలబెడితే మళ్ళీ అడుగుతాను. ఆ నాలుగూ పన్నెండుగా ఉండవలసినవి అన్నదే నేను రాయగలిగింది.

సుక్రికి మాత్రలు నీళ్ళలో అరగదీసి చెంచాతో పోశారు. బుద్రు గొంతు నిమిరాడు, ఎద్దుకు మందు పట్టేటప్పుడు నిమిరినట్టు. ఒక చెంచా దిగితే మూడు చెంచాలు పక్కనుంచి కారిపోయాయి. డాక్టరు గారు వదల్లేదు. సాయంత్రం దాకా, మళ్ళీ పొద్దున్నా పోస్తూనే ఉన్నారు. పనివాళ్ళలో మింగగలిగిన వాళ్ళందరికీ మాత్రలు పంచారు. వాళ్ళు పదిమందీ బతికారు. రేకుడబ్బాలు పడినా పగలవు.

శనివారం పొద్దున్న పది గంటల ఇరవై నిమిషాలకు సుక్రి పోయింది. లచ్చి విసరడం ఆపింది. అంతే తెలిసింది.

మధ్యాహ్నం వెదురు పాడె కట్టారు. బుద్రు నడుము నుంచి ఆ తాడు విప్పాడు. దానితోనే కట్టాడు. మూడు చోట్ల కట్టాడు, భుజాల దగ్గర, నడుము దగ్గర, కాళ్ళ దగ్గర. వాన పడుతూనే ఉంది. నీళ్ళు పారే గెడ్డ అవతలకి, ఎత్తు పల్లాల్లో, నలుగురు మోసుకెళ్ళారు. నేను వెనక నడిచాను. రమ్మని ఎవరూ పిలవలేదు, వద్దని ఎవరూ అనలేదు. అంత దూరంలో ఎక్కడా కట్టు సడలలేదు. నా కళ్ళు దాని మీదే ఉన్నాయి.

ఆదివారం మధ్యాహ్నం పైడమ్మ కళ్ళు తెరిచింది. నీళ్ళడిగింది. తరువాత పక్కకు తిరిగి, "సుక్రేదీ? పనికెల్లిపోనాదేటి?" అంది. అప్పన్న నావైపు చూశాడు. నేను లేచి బయటికి వచ్చేశాను.

డాక్టరు గారు మంగళవారం దిగి, కొత్త సూదులు తీసుకుని మళ్ళీ రావాలనుకున్నారు. పెట్టె మూతకు అప్పన్న మేకులు కొట్టాడు. కట్టడానికి మాత్రం ఏమీ లేదు. సోమవారం నేను బుద్రు పాకకు వెళ్ళాను. బయట కూర్చుని నార నలుగగొడుతున్నాడు. నేను నిలబడ్డాను. కూర్చోమనలేదు.

"తాడు కావాల" అన్నాను.

"ఆ తాడు సుక్రితో పోనాది" అన్నాడు. "ఇది కొత్తది. డాక్టరు మల్లీ పెట్టి అట్టుకొని వత్తాడు గదా. ఆ పక్కూర్లో ఇంకా ముగ్గురు పడున్నారు."

అంటే నేను అడగక ముందే పేనుతున్నాడు. నాకోసం కాదు. నేను నార పాయలు అందివ్వబోయాను. తీసుకోలేదు. తనే కాలి బొటనవేలికి తగిలించి, ఒక్కడే, పొద్దువాలే దాకా పేనాడు.

మంగళవారం పొద్దున్న ఏడింటికి బండి దగ్గరికి వచ్చి పెట్టె కట్టాడు. ముడి చివర దోపడానికి నేను చెయ్యి చాచాను.

"నువ్వు ముట్టుకోకు తాతా" అన్నాడు.

ఆ మాట నా జన్మలో చాలామంది అన్నారు. వాళ్ళు అన్నది వేరు, ఇతను అన్నది వేరు. చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

తిరుగు దారిలో సుంకరమెట్ట దగ్గరే వాన అందుకుంది. ఆ తూము దగ్గర డాక్టరు గారు బండి నెమ్మది చేశారు, ఆపలేదు. అనంతగిరిలో అంబలి తాగేటప్పుడు నేను పెట్టె దగ్గరికి వెళ్ళాను. తాడు కింద వేలు దూర్చబోయాను. గోరు కూడా దూరలేదు. కావలివాడు నా వైపు చూసి, ముంత తీసుకుని వెళ్ళిపోయాడు. కోటకు పన్నెండున్నరకు దిగాం. డాక్టరు గారు, "కూతుర్ని జాగ్రత్తగా చూసుకో" అన్నారు. పట్టీల మాట ఎత్తలేదు. రెండింటి బస్సుకు కొత్తవలస, అక్కడ రైలు, వాల్తేరులో మారి, రాత్రి భోజనాల వేళకు అనకాపల్లి. రైల్లో ఎవరో, "కొండ ఎలాగుంది?" అని అడిగారు. పచ్చగా ఉంది అన్నాను.

ఇంటికి రాగానే ఆ పట్టీలు తడిపి, బండరాయి కట్టి, దూలానికి వేలాడదీశాను. ఎనిమిది రోజులుంచాను. దించి కొలిస్తే నాలుగు వేళ్ళ మేర సాగి ఉన్నాయి. అవి ఇప్పటికీ ఆ దూలానికే ఉన్నాయి. ఏ గుర్రానికీ వెయ్యలేదు.

వెళ్ళేవాళ్ళకు చెప్పేది ఇది. ఎండాకాలంలో తోలు మంచిదే, ఎనిమిది రోజులు రాయి వేలాడితేనే. వానలో కొండెక్కితే అడ్డనార తాడు కట్టండి. కొండమనిషి చేత కట్టించండి. ప్రతి మలుపులోనూ వేలు పెట్టి చూడండి, సడలితే నోరు విప్పి చెప్పండి.

ఆ శనివారం పొద్దున్న పది ఇరవైకి ఆ పాకలో ఉన్నవాళ్ళం: డాక్టరు సుందరరావు గారు, చేతిలో చెంచాతో. మేస్త్రీ అప్పన్న. నా కూతురు పైడమ్మ, అప్పటికింకా తెలివి రాలేదు. బుద్రు. బుద్రు తల్లి లచ్చి. నేను, అనకాపల్లి జీనుల ముత్యాలు. సుక్రి.